బడిని ఇంటికి మోసుకురాకండి

జూన్ 12 వచ్చిందంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బళ్లు తెరుస్తారు. పొద్దున ఏడున్నరకల్లా వీధి మలుపులో పసుపు బస్సు హారన్ కొడుతుంటుంది. ఆ వేళకి ఇంకా పక్క మీదే దొర్లుతున్న పిల్లలు కొన్ని ఇళ్లలో ఉంటారు. వాళ్లకి జ్వరమేమీ లేదు, ఫీజుకి డబ్బు లేకా కాదు. అమ్మానాన్నలు బాగా ఆలోచించుకుని మరీ వాళ్లని బళ్లో వెయ్యలేదు, లేదా మధ్యలో మాన్పించారు. చదువు ఇంట్లోనే. హోమ్‌స్కూలింగ్ అంటున్నారు ఇప్పుడు.

ఈ ఇళ్లకి జూన్ నెల ఈదడం కష్టం. పెళ్లికి వెళ్తే అక్షింతలు వేసి వేదిక దిగేలోపే పెద్దత్తయ్య పట్టుకుంటుంది. "ఏమే, పిల్లాణ్ని బడి మాన్పించేశారటగా? వాడేం పాపం చేశాడే?" లిఫ్టులో ఎదురైన పెద్దాయన "ఏ స్కూలు నాన్నా?" అంటాడు. పిల్లాడు అమ్మ మొహంకేసి చూస్తాడు. అమ్మ జవాబు కూడదీసుకునేలోపు మూడో అంతస్తు వచ్చేస్తుంది. హమ్మయ్య అనుకుని దిగిపోతారు.

ఇలాంటి అమ్మలు నాకు కొందరు తెలుసు. పుస్తకాలు వాళ్ల దగ్గర బోలెడున్నాయి, కావాల్సిందల్లా కాస్త ధైర్యం. ధైర్యం చెప్పబోయిన ప్రతివాళ్లూ పతకాల కథలే ఎత్తుకుంటారు. ముంబయిలో ఏడో తరగతితో బడి మానేసిన ఒక అమ్మాయి పది, పన్నెండు తరగతుల సర్టిఫికెట్లు లేకుండానే 2016లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో సీటు తెచ్చుకుంది. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు గెలిచిన పిల్ల. గొప్ప సంగతే, కాదనను. కానీ కొడుకు నాలుగు రోజులుగా లెక్కల పుస్తకం ముట్టలేదని కుమిలిపోతున్న తల్లికి ఈ కథ చెప్పి చూడండి. "మరి మావాడిలో అలాంటిదేమీ కనబడదే" అని ఇంకాస్త కుంగిపోతుంది.

కొందరు టాగూర్‌ని తెస్తారు. ఆయన బడికెళ్లాడా ఏమన్నానా అంటారు. వెళ్లాడు, మూడు నాలుగు చోట్లకి వెళ్లాడు, ఎక్కడా నిలవలేదు. అయితే బడి ఉన్నా లేకున్నా ఇంట్లో ఆయన్ని ఊరికే వదిలిందీ లేదు. ఆయన 'జీవనస్మృతి' చదివితే తెలుస్తుంది. తెల్లవారకముందే పహిల్వానుతో కుస్తీ, ఒంటి మట్టి దులుపుకోగానే లెక్కలు, సాహిత్యం, సైన్సు. సాయంత్రం బొమ్మలు గీయడం, కసరత్తు. రాత్రి దీపం దగ్గర నిద్రకి తూలుతూ ఇంగ్లీషు. ఎముకల గురించి చెప్పడానికి గదిలో ఏకంగా అస్థిపంజరాన్నే వేలాడదీశారు. ఇంతమంది పంతుళ్లనీ అన్నగారు హేమేంద్రనాథ్ కనిపెట్టి చూసేవాడు. జొరాసాంకో జమీందారీ భవంతిలో జరిగిన చదువది, రెండు పడగ్గదుల ఫ్లాటుకి అతకదు. పైగా అదే టాగూర్ 1901లో శాంతినికేతన్‌లో తానే ఒక బడి పెట్టాడు!

నన్నడిగితే ఈ తల్లిదండ్రులకి దన్నుగా జాన్ హోల్ట్‌ని చూపిస్తాను. అమెరికాలో పంతులుగా పనిచేసినవాడు. పిల్లలు తమ తెలివినంతా పాఠం మీద కాకుండా టీచరు మొహం చూసి జవాబు పసిగట్టడం మీద ఎలా ఖర్చుపెడతారో క్లాసులో కూర్చుని గమనించి, 1964లో 'హౌ చిల్డ్రన్ ఫెయిల్' రాశాడు. బళ్లు మారతాయేమోనని ఏళ్ల తరబడి చూసి, విసిగి, 1977లో 'గ్రోయింగ్ వితవుట్ స్కూలింగ్' అనే చిన్న పత్రిక పెట్టాడు. (ఆయనకి పెళ్లీ లేదు, పిల్లలూ లేరు. ఈ ముక్క పెద్దత్తయ్య చెవిన పడకుండా చూసుకోండి.) ఆ పత్రికని నిలబెట్టింది హోల్ట్ వ్యాసాలకన్నా తల్లిదండ్రుల ఉత్తరాలు. మావాడికి ఇంకా చదవడం రాలేదు, ఇవాళ రోజంతా చెట్టు మీదే ఉన్నాడు, స్కూలు అధికారి వచ్చి వెళ్లాడు, మీరైతే ఏం చేసేవాళ్లు? ఇలాంటి ఉత్తరాలు. పలకరిస్తే జవాబిస్తామన్న కుటుంబాల చిరునామాలు కూడా అందులో వేసేవారు. 1985లో హోల్ట్ పోయాక కూడా ఆ పత్రిక 2001 దాకా నడిచింది. వంద మైళ్ల అవతల ఇంకో ఇంట్లో కూడా పిల్ల ఇవాళ ఏమీ చదవలేదని తెలిస్తే కలిగే ఊరట ఏ పతకం కథా ఇవ్వదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఇంట్లో చదువు చెప్పడం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది మొదటి ఏడాదిలోనే అలిసిపోతారు. ఎందుకంటే ఏ బడిని వద్దనుకున్నారో దాన్నే ఇంటికి మోసుకొస్తారు. నాకు తెలిసిన ఒక ఇంట్లో హాలుకి తెల్లబోర్డు వచ్చింది, ఫ్రిజ్ మీదకి టైంటేబుల్ వచ్చింది. తొమ్మిదింటి నుంచి తొమ్మిదీ నలభై దాకా తెలుగు, ఆ తర్వాత లెక్కలు. పీరియడ్ అయిపోతే ఫోన్‌లో గంట మోగేది. దసరాకల్లా తల్లి గొంతు పోయింది, పిల్లకి అమ్మంటే భయం పట్టుకుంది, బోర్డు మీద పాలవాడి లెక్క మిగిలింది. బళ్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసిన చలం 'బిడ్డల శిక్షణ' రాస్తూ తల్లిదండ్రుల్ని కూడా గట్టిగానే నిలదీశాడు. బెత్తం పంతులు చేతిలోనే ఉండాలని రూలేమీ లేదు కదా.

బళ్లో ఏడెనిమిది గంటలు ఎందుకు పడతాయో ఆలోచించండి. నలభై మందికి హాజరు వెయ్యాలి, నలభై నోట్‌బుక్కులు దిద్దాలి, అర్థమైనవాళ్లు కానివాళ్ల కోసం ఆగాలి, ప్రార్థన, వరస, నీళ్ల దగ్గర మళ్లీ వరస. ఒక్క పిల్లాడు, పక్కన ఒక్క పెద్ద మనిషి ఉన్నచోట ఐదారు తరగతుల దాకా రోజుకి రెండు గంటలు శ్రద్ధగా కూర్చుంటే చాలు. మిగతా పొద్దు పిల్లాడిది. అది ఖాళీగా కనబడుతుంది గనకే మనకి భయం.

ఆ ఖాళీలో ఏం జరుగుతుందో ఒకటి చెప్తాను. తొమ్మిదేళ్ల కుర్రాడు, కరెంటు మీటరు చూసే అబ్బాయి చేతి మిషన్లోంచి బిల్లు చించి ఇవ్వగానే లాక్కున్నాడు. పాత రీడింగు, కొత్త రీడింగు, తీసివేస్తే యూనిట్లు. అక్కడిదాకా తేలికే. యూనిట్లని రేటుతో గుణిస్తే బిల్లులో ఉన్న మొత్తం రాదే! అమ్మని అడిగితే శ్లాబుల సంగతి చెప్పింది. మొదటి కొన్ని యూనిట్లకి ఒక రేటు, ఆపైవాటికి ఇంకొకటి. పక్కింటికెళ్లి వాళ్ల బిల్లు కూడా అడిగి తెచ్చాడు. మనకన్నా కొద్ది యూనిట్లే ఎక్కువ కదా, డబ్బు మాత్రం అంత ఎక్కువెందుకు? నేలమీద బోర్లాపడి కాగితం నిండా దశాంశాలు గుణించాడు, కొట్టేశాడు, మళ్లీ గుణించాడు. చివరికి పైసల దగ్గర తేడా వస్తే అది స్థిర ఛార్జీయో, సుంకమో అని వాళ్ల నాన్నతో వాదన. ఆ రోజు నుంచి ఫ్రిజ్ తలుపు ఎవరు తెరిచి ఉంచినా ఇంట్లో కేకలే. ఆ తర్వాత నాలుగు రోజులు లెక్కల జోలికి పోలేదు. ఇందాక చెప్పిన కుమిలిపోతున్న తల్లి ఈమే. కరెంటు బిల్లు రోజు ఆమె లెక్కలోకి రాలేదు, ఎందుకంటే అది పుస్తకంలో పేజీ నంబరు వేసి లేదు. ఒక చిన్న డైరీ పెట్టుకోమన్నాను. రాత్రి రెండు వాక్యాలు, అంతే. మూడు నెలలయ్యాక తిరగేస్తే తన పిల్లాడు ఎంత చదివాడో తనకే తెలుస్తుంది, భయం వేసిన రోజున చదువుకోవడానికి కూడా పనికొస్తుంది.

పనిరోజుల్లో ఊరు ఖాళీగా దొరకడం ఈ కుటుంబాలకున్న పెద్ద ఆస్తి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం ముందు గంట కొట్టే వేళకి జనం చేరతారు. చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి గంట మోగించి లోపలికి పోతాడు. విహారయాత్రకొచ్చిన బడిపిల్లల్ని టీచర్లు వెంటనే వరసగా ముందుకి తోసేస్తారు, బస్సు టైమవుతుంది మరి. ఇంట్లో చదివే పిల్ల పదకొండు గంటలు విని, అక్కడే కూర్చుని, పన్నెండు కూడా విని, లోపల చక్రం ఎలా తిరుగుతుందో అడిగి విసిగించి మరీ రావచ్చు. ఒకటే జాగ్రత్త, శుక్రవారం సెలవు.

"నలుగురితో కలవకపోతే ఎలా?" అన్న ప్రశ్నని మాత్రం నవ్వి కొట్టెయ్యకండి. అందులో నిజముంది. అపార్టుమెంటులో మిగతా పిల్లలు సాయంత్రం దాకా బడి, ఆపైన ట్యూషన్. కింద ఆడుకోవడానికి తోడెవరు? కాబట్టి తోడుని వెతుక్కోవాలి. పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్ లాంటి చోట పాటో, తబలానో, బొమ్మలో నేర్పిస్తారు, అక్కడ అన్ని రకాల పిల్లలూ వస్తారు. వేసవిలో నెలకి నెల అమ్మమ్మగారి ఊరు. ఇంకో రెండు మూడు కుటుంబాలు కలిస్తే వారానికొకసారి ఎవరో ఒకరింట్లో పిల్లల సంత పెట్టుకోవచ్చు. గ్రంథాలయాలకీ వెళ్లండి, కాకపోతే చిక్కడపల్లిలో గ్రూప్స్‌కి చదివే అన్నయ్యల మధ్య కుర్చీ దొరికితే మీ అదృష్టం.

ఇంకో మాట చెప్పాలి, నాన్నలకి నచ్చకపోవచ్చు. మన ఇళ్లల్లో హోమ్‌స్కూలింగ్ నిర్ణయం ఇద్దరిదీ, చాకిరీ ఒక్కరిది. ఉద్యోగం మానేది ఆమె, పెద్దత్తయ్యకి జవాబు చెప్పేది ఆమె, పిల్లాడికి ఎక్కాలు రాకపోతే తప్పు ఆమెది. పిల్లాడు చురుగ్గా ఉంటే మాత్రం "మా వంశంలోనే ఉంది" అంటారు. ఆఫీసు నుంచొచ్చి "ఇవాళ ఏం చదివావురా?" అని అడగడం చదువు చెప్పడం కాదు, తనిఖీ. ఒక సబ్జెక్టు పూర్తిగా తీసుకోండి, వారంలో ఒక రోజు పూర్తిగా తీసుకోండి. ఆ రోజు ఆమె ఇంట్లో ఉండనక్కర్లేదు. నేను చూసినంతలో ఇంటి చదువు మూడో ఏడాది దాటిన ఇళ్లన్నిటా ఈ పని పంపకం జరిగింది.

చట్టం మాటేమిటని అందరూ గుసగుసగా అడుగుతారు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల గురించి చెప్తూ, నిర్బంధం అన్న బాధ్యతని ప్రభుత్వం నెత్తిన పెట్టింది. పిల్లల్ని బళ్లో చేర్చడం తల్లిదండ్రుల విధి అని పదో సెక్షన్ అంటుంది గానీ, చేర్చకపోతే శిక్ష ఏమీ రాయలేదు. ఇంటి చదువుని ఒప్పుకుంటున్నామనీ లేదు, కూడదనీ లేదు. జర్మనీలో అయితే నిషేధమే. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. టెక్సస్‌లో ఇంటి చదువుని ప్రైవేటు బడితో సమానంగా చూస్తారు, అదే న్యూయార్క్‌లో ఉన్న మన తెలుగు కుటుంబం మూడు నెలలకోసారి నివేదిక పంపుకోవాలి. అసలు మన చట్టం పుట్టింది బడి గడప ఎక్కే వీల్లేని పిల్లల కోసం. వద్దనుకునే వెసులుబాటు ఉన్న మనం ఆ తేడా మరిచిపోయి, ప్రభుత్వ బడిని చులకన చేసి మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది.

కాగితాల సంగతి ముందే చూసుకోండి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అదే ఎన్.ఐ.ఓ.ఎస్., పద్నాలుగేళ్లు నిండినవాళ్లని పదో తరగతికి చేర్చుకుంటుంది. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది, తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. రెండు రాష్ట్రాలకీ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి. ఓపెన్ స్కూలు పిల్లలు నీట్‌కి పనికిరారన్న నిబంధనని 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. చాలామంది మరిచిపోయేది స్థానికత గురించి. రేపు ఇంజినీరింగ్ సీటుకైనా, సర్కారు ఉద్యోగానికైనా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడికి వెళ్లని ఏళ్లకి తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రమే దిక్కు. ఎక్కడెక్కడ ఉన్నారో రుజువులు దాచుకోండి, అద్దె కాగితంతో సహా.

తిరిగి బడికి వెళ్లాలనిపిస్తే? వెళ్లనివ్వండి. అదే చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడింది ప్రత్యేకంగా నేర్పాలి. దసరాకి గొంతు పోగొట్టుకున్న ఆ ఇంట్లో బోర్డు తీసేశాక ఇంకా కొన్నేళ్లు చదువు హాయిగానే సాగింది. మొన్న జూన్‌లో పెద్దది ఎనిమిదో తరగతికి బడికెళ్లింది. కబడ్డీ జట్టు కావాలట దానికి. విషయం పెద్దత్తయ్యకి చేరిపోయింది. "చూశావుటే, చివరికి బళ్లోనే వేశారు! నేను ముందే చెప్పలేదూ?" అని ఫోను.

"అదడిగింది, పంపాం పెద్దత్తయ్యా" అంది తల్లి. "చిన్నాడింకా అడగలేదు."