జాకెట్టు కుదరడం లేదంటే...

ప్రత్తిపాడు లాంటి ఊళ్లలో పిల్లల వెన్ను వంకరను డాక్టరుకంటే ముందు దర్జీయే పట్టేయొచ్చు. ఓణీల ఫంక్షన్‌కని పదమూడేళ్ల పిల్లకు కొలతలు తీస్తే ఒక భుజం ఎత్తు, ఒకటి పల్లం. 'సరిగ్గా నిలబడమ్మా' అంటాడు. ఆ పిల్ల సరిగ్గానే నిలబడుతుంది... వెన్నే వంగి ఉంటుంది.

మిరప కోతలయ్యాక చూద్దాం, పత్తి డబ్బులొచ్చాక చూద్దాం అనుకుంటుండగానే ఏడాది గడిచిపోతుంది. చిక్కంతా అక్కడే. పిల్ల గబగబా పొడవు పెరిగే ఆ ఏడాదే వంపూ గబగబా పెరగొచ్చు.

వైద్యులు దీన్ని స్కోలియోసిస్ అంటారు. వెన్ను పక్కకు వంగడమే కాదు, పిండిన తువ్వాల్లా మెలి కూడా తిరుగుతుంది. అందుకే వీపు మీద ఒకవైపు పక్కటెముకలు ఉబ్బుతాయి. ఎదిగే వయసు పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఎంతో కొంత వంపు ఉంటుంది. చాలామందికి చికిత్సే అక్కర్లేదు. పెద్ద వంపులు మాత్రం ఆడపిల్లల్లోనే ఎక్కువ. కారణమా? ఎక్కువమందిలో తెలియదు. పుస్తకాల సంచి మోస్తేనో, చేలో వంగి పనిచేస్తేనో వచ్చేది కాదు. తల్లి తనను తాను తిట్టుకోవాల్సిన పనిలేదు. పరుగుల వీరుడు ఉసేన్ బోల్ట్‌కీ ఈ వంకర ఉంది మరి!

ఇంట్లోనే ఓ పరీక్ష చేయొచ్చు. పాదాలు జతగా పెట్టి, మోకాళ్లు వంచకుండా, రెండు చేతులూ కలిపి ముందుకు వంగమనండి. వెనకనుంచి వీపు చూడండి. ఒకపక్క ఎత్తుగా కనిపిస్తే గుంటూరు వెళ్లి ఎముకల డాక్టరుకు చూపించాల్సిందే. నిలబెట్టి ఎక్స్‌రే తీసి, దాని మీద గీతలు గీసి వంపు కోణం కొలుస్తారు. అమెరికా వైద్యుడు జాన్ కాబ్ 1948లో చెప్పిన పద్ధతే ఇప్పటికీ. పది డిగ్రీలు దాటితేనే స్కోలియోసిస్. 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండి, ఎదుగుదల ఇంకా మిగిలుంటే బెల్టు వేస్తారు. రోజుకు 13 గంటలకు తగ్గకుండా వేసుకున్నవారిలో ఎక్కువమందికి ఆపరేషన్ దాకా వెళ్లే పని తప్పిందని 2013లో అమెరికా, కెనడా వైద్యుల అధ్యయనం తేల్చింది. మే నెలలో, మన ఎండల్లో ప్లాస్టిక్ బెల్టంటే పిల్లకు శిక్షే. అయినా కత్తికంటే నయం.

45-50 డిగ్రీలు దాటితే ఆపరేషన్ మాట వస్తుంది. భాగవతంలో మూడు వంకరల కుబ్జ పాదాలను కృష్ణుడు తన పాదంతో తొక్కిపట్టి, గడ్డం కింద వేళ్లుంచి పైకెత్తి నిటారుగా చేశాడు కదా! అమెరికాలో పాల్ హారింగ్టన్ పోలియోతో వెన్ను వంగిన పిల్లలకు చేసిందీ ఇంచుమించు అదే. పైనా కిందా కొక్కేలు తగిలించి, స్టీలు కడ్డీతో సాగదీశాడు. 1962లో ఆ వివరాలు ప్రకటించాడు. ఇప్పుడు పూసల్లోకి స్క్రూలు దించి, రెండు రాడ్లు బిగించి, వంపుతోపాటు మెలినీ సరిచేస్తున్నారు. ఆ తర్వాత ఎముక ముక్కలు పరిస్తే నెలల్లో ఆ పూసలన్నీ ఒకటిగా అతుక్కుంటాయి. వెన్ను నూటికి నూరుపాళ్లూ నిటారైపోతుందని మాత్రం ఆశపడకూడదు.

'కాళ్లు పడిపోతే?' అన్నది ప్రతి తండ్రీ అడిగే ప్రశ్న. వెన్నుపాము సంకేతాలను ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ యంత్రంతో గమనిస్తారు. కారణం తెలియని ఈ రకం వంపుల్లో నరాలు దెబ్బతినే ప్రమాదం నూటికి ఒకటికన్నా తక్కువే. కానీ సున్నా కాదు. ఆ మాట దాచకుండా చెప్పే డాక్టర్నే నమ్మాలి.

ఐదారేళ్ల పిల్లలకైతే లెక్క వేరు. అప్పుడే పూసల్ని అతికించేస్తే ఛాతీ పెరగదు, ఊపిరితిత్తులకు చోటుండదు. అందుకే పిల్లతోపాటు పొడవు పెంచుకుంటూ పోయే రాడ్లు వేస్తారు. మామూలు రాడ్లయితే సుమారు ఆర్నెల్లకోసారి చిన్న కోత తప్పదు. అయస్కాంతంతో బయటనుంచే పెంచే రాడ్లూ ఉన్నాయి. వాటి ఖరీదే సామాన్యుడికి అందదు.

పెద్దవాళ్లలో వెన్ను బిగుసుకుపోయి, ఎముక గుల్లబారి ఉంటుంది. ఆపరేషన్ పెద్దది, ఇబ్బందులూ ఎక్కువే. అందుకే నొప్పి భరించలేనప్పుడో, నరాలు నలుగుతున్నప్పుడో, కోణం పెరుగుతూ పోతున్నప్పుడో తప్ప ముందు వ్యాయామం, మందులే. వీపు మీద గూని మొనదేలినట్టుంటే క్షయేమో చూడాలి. దానికి మొదటి వైద్యం మందులే, అవి సర్కారు ఆసుపత్రుల్లో ఉచితం. పడమటి దిక్కున దర్శి, పొదిలి ప్రాంతాల్లో నడుములు వంచింది నీళ్లలోని ఫ్లోరైడ్. అప్పటి నెల్లూరు జిల్లాలోని ఆ జబ్బును 1937లోనే షార్ట్ బృందం లోకానికి చెప్పింది. వెన్నుపాము నలిగితే ఆపరేషన్ చేసి ఒత్తిడి తగ్గిస్తారేమో గానీ, రాయిలా బిగిసిన ఆ వెన్నును నిలబెట్టడం కత్తికీ సాధ్యం కాదు. అక్కడ కావాల్సింది మంచినీళ్లు.

ఇక పిల్ల పెళ్లి సంగతి. ఆపరేషన్ అయిన ఒకట్రెండు రోజుల్లోనే నడిపిస్తారు, నెలా నెలన్నరలో బడికి పోవచ్చు. బరువులు మోయడం మాత్రం డాక్టరు సరేనన్నాకే. వెన్నులో రాడ్లున్నా ఎక్కువమందికి కాన్పుకు ఇబ్బంది ఉండదు. నడుముకు మత్తు ఇవ్వడమే కాస్త కష్టం కావచ్చు. పాత ఎక్స్‌రే పారేయకుండా దాచి, కాన్పుకు వెళ్లినప్పుడు మత్తు డాక్టరుకు ముందే చూపించాలి.