ఏ చెట్టు? ఏ పీపా?

నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ దాకా ఒక సాయంత్రం నడిచి చూడండి. దారి పొడుగునా బోర్డులే. వాటిలో "వైన్స్" అన్న బోర్డు చూసి, లోపలికి వెళ్లి, ద్రాక్షసారా ఏదయ్యా అని అడిగినవాణ్ణి దుకాణదారు ఎగాదిగా చూస్తాడు. అక్కడ సాగే బేరమంతా విస్కీ, బ్రాందీ, బీరు. సరే, బోర్డు మాట వదిలేద్దాం. విస్కీ అని చేతికిచ్చిన సీసాలో ఉన్నదైనా విస్కీయేనా అన్నది ఈ వారం ప్రశ్న.

కంగారు పడకండి. ఈ శీర్షికను నేను తాగుడుకు ధారపోయడం లేదు. తాగమని ఎవరికీ చెప్పబోవడమూ లేదు. సంగతేమిటంటే, అశోక్‌నగర్‌లో ఉండే నా మిత్రులొకరు, ఉద్యోగం విరమించిన పెద్దమనిషి, మొన్న ఆదివారం కబురు చేశారు. వారి అబ్బాయి స్కాట్లండు నుంచి మూడు చిన్న సీసాలు తెచ్చాడట. మూడింటినీ సీసాల్లోకి పట్టినవాడు ఒక్కడే. కాచిన బట్టీలు మాత్రం మూడు. "పోల్చి చూద్దాం రావోయ్" అన్నారు. నాతోబాటు నల్లగొండ వైపు మిత్రుడొకాయన కూడా వచ్చాడు.

ముందు ఆ సీసాలు పట్టినవాడి కథ చెప్పాలి. స్కాట్లండులో ఎల్గిన్ అనే ఊళ్లో 1895లో ఒక కిరాణాకొట్టు వెలసింది. పేరు గార్డన్ అండ్ మెక్‌ఫెయిల్. టీపొడీ, ఇంటి సరుకులూ, వైన్లూ అమ్మేవారు. చుట్టుపక్కల విస్కీ బట్టీలు బోలెడు. ఆ బట్టీలవాళ్లు కాచిన సరుకులో ఎక్కువ భాగాన్ని పెద్ద కంపెనీలకు అమ్మేవారు. కంపెనీలు పది బట్టీల సరుకూ కలిపి ఒక పేరు పెట్టి అమ్మేవి. ఈ కొట్టువాళ్లు ఏం చేశారంటే, తమ పీపాలే బట్టీకి పంపి, అప్పుడే కాచిన సారాను వాటిలో నింపించి, ఏళ్ల తరబడి మాగబెట్టి, దేనిలోనూ కలపకుండా దేనికది సీసాల్లో పట్టారు. ఇలా చేసేవారిని స్వతంత్ర బాట్లర్లు అంటారు. వీరికన్నా పాతవారు కేడెన్‌హెడ్ అనేవారు. వారిది 1842 నాటి వ్యాపారం.

వీరి ఓపిక చూడండి. 1940లో నింపిన గ్లెన్‌లివెట్ పీపా ఒకదాన్ని ఈ కిరాణావారు 80 ఏళ్లు కదపకుండా ఉంచి 2020లో సీసాలు పట్టారు. తాత తాటిటెంక పాతితే మనుమడు కల్లు తాగినట్టన్నమాట.

ఇక ఆ సాయంత్రం. స్టీలు గ్లాసులు పనికిరావు. అడుగు వెడల్పుగా, మూతి సన్నగా ఉండే గాజు గ్లాసులు కావాలి, వాసన పైకి పోకుండా నిలవడానికి. తలా రెండు చెంచాలకు మించి పోయలేదు. ముందు వాసన, తరవాత నాలుక మీద ఒక చుక్క, ఆ పైన నాలుగు బొట్లు మంచినీళ్లు కలిపి మళ్లీ వాసన. నీళ్లు పడగానే దాగిన వాసనలు బయటికి వస్తాయి.

మొదటిది లింక్‌వుడ్. ఎల్గిన్ పక్కనే ఉన్న బట్టీ. అంతకు ముందు అమెరికా బర్బన్ విస్కీ ఉంచిన పీపాలో మాగింది. రంగు ఎండుగడ్డి రంగు. వాసన దోరజామకాయ, వెనకాల పాలకోవా. నాలుక మీద తేలిక, చల్లగా జారిపోయింది.

రెండవది మోర్ట్‌లాక్. ఇది స్పెయిన్ దేశపు షెర్రీ వైను ఉంచిన పీపాలోది. రంగు ముదురు తేనె. ఎండుద్రాక్ష, ఖర్జూరం, కొంచెం మాడిన బెల్లంపాకం. చిక్కన. ఒక చుక్క నోట్లో పడితే రెండు నిమిషాలు వదలదు.

మూడవది కల్ ఈలా. ఐలా అనే ద్వీపంలోది. అక్కడ నాచూ గడ్డీ వేల ఏళ్లు కుళ్లి పేరుకున్న పీట్ మట్టిని కాల్చి, మొలకెత్తిన బార్లీని ఆ పొగలో ఆరబెడతారు. ఆ పొగ గింజనుంచి సీసాదాకా వస్తుంది. వదినగారు ఎన్నడూ చుక్క ముట్టని మనిషి, గ్లాసు దూరంనుంచే వాసన చూసి, "ఇది ఆస్పత్రి నాయనా! టింక్చరు రాసి, పక్కన కట్టెలపొయ్యి రాజేసినట్టుంది" అన్నారు. పుస్తకాలు రాసే నిపుణులు కూడా ఐలా విస్కీల గురించి చెప్పే మాట అదే. ఊరగాయ జాడీ మూత తీసి ఉప్పు చాలిందో లేదో చెప్పగల ముక్కు అది.

మా ముగ్గురిలో ఇద్దరికి మోర్ట్‌లాక్ నచ్చింది. నేను లింక్‌వుడ్ వైపు మొగ్గాను. నల్లగొండ మిత్రుడు మాత్రం రుచిని వదిలి సీసామీది చీటీ పట్టుకున్నాడు. బట్టీ పేరు, పీపాలో పోసిన సంవత్సరం, సీసా పట్టిన సంవత్సరం, పీపా రకం, 46 శాతం ఘాటు, అన్నీ ఉన్నాయి. "గిండ్ల కొత్తేముందన్నా? మా ఊళ్లె చెట్టు చెట్టుకు లెక్కుండె. పోద్దాడు వేరు, పండుదాడు వేరు. లొట్టిల కల్లు నోట్ల పెట్టి ఏ చెట్టుదో చెప్పెటోళ్లు" అన్నాడు.

నిజమే కదా! ఒక్క పీపా విస్కీ అని స్కాట్లండువారు గొప్పగా చెప్పుకునేది మన గౌడు చెట్టు దిగుతూనే చెప్పే సంగతి. మగతాడి కల్లు వేరు, పండుతాడి కల్లు వేరు, ఈతకల్లు వేరు. పొద్దున తియ్యన, సాయంత్రానికి పులుపు. ఎవరి చెట్టో, ఎవరు గీశారో తాగేవాడికి తెలుసు.

చెట్టుకూ గ్లాసుకూ మధ్య దూరం పెరిగినచోటే చిక్కు వచ్చింది. హైదరాబాదు నగరంలో 2004లో మూసిన కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరిచారు. నగరానికి సరిపడా చెట్లేవీ? 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు కూలినాలి జనం ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ కల్లులో అల్ప్రాజోలమ్ అనే నిద్రమందు బయటపడింది. అది చెట్టునుంచి దిగింది కాదు.

సీసా సరుకు సంగతి అంత ఘోరం కాదు గాని, అక్కడా మౌనమే. బ్రిటను చట్టం ప్రకారం స్కాచ్ అంటే ధాన్యంతో కాచి, ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు మాగాలి. మన చవక విస్కీలలో చాలావాటికి ఆధారం చక్కెర మిల్లు మడ్డి నుంచి తీసిన సారా. రంగుకూ రుచికీ కాస్త మాల్టు కలుపుతారు. ఐరోపావారు దాన్ని విస్కీ అనే పేరుతో అమ్మనివ్వరు. చీటీమీద 42.8 శాతమనీ, తయారుచేసిన తేదీ అనీ ఉంటుంది. దేనితో కాచారో, ఎన్నాళ్లు మాగిందో వెతికినా దొరకదు. చేతగాక కాదు సుమండీ! బెంగుళూరు అమృత్‌వారు మన బార్లీతో సింగిల్ మాల్టు చేసి 2004లో గ్లాస్గోలోనే అమ్మకానికి పెట్టారు.

నారాయణగూడలో ఒకప్పుడు ప్రభుత్వ డిస్టిలరీయే ఉండేది. సారామీద నెల్లూరుజిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో తిరగబడ్డారు. 1993లో సారా పోయింది, 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో అది ఎత్తివేశారు. ఇన్ని మార్పుల్లోనూ సీసాలో ఏముందో చెప్పండని అడిగినవారు తక్కువ. వదినగారు అడిగారు: "వెయ్యిరూపాయల గుక్కకు ఇంత వివరం రాస్తారు. రోజుకూలీ తాగేదానికి ఎందుకు రాయరు? చచ్చేది వాడేగా?" మా ముగ్గురిలో ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

ఆ స్వతంత్ర వ్యాపారమూ మారుతున్నది. గార్డన్ అండ్ మెక్‌ఫెయిల్‌వారు 2024 నుంచి పరాయి బట్టీల సరుకు పీపాల్లో నింపడం మానుతామని 2023లో ప్రకటించారు. ఇకపై తమ సొంత బట్టీలమీదే దృష్టి. ఉన్న పీపాలు ఇంకా దశాబ్దాలు వస్తాయట. మన దేశానికి స్కాచ్ చవక కావచ్చుననీ అంటున్నారు: 2025 జూలై 24న బ్రిటనుతో కుదిరిన ఒప్పందం ప్రకారం 150 శాతం సుంకం ముందు 75కు, పదో ఏటికి 40కి దిగాలి. చవకైన స్కాచ్ వల్ల కూకట్‌పల్లి కూలీకి ఒరిగేదేమీ లేదు. అతనికి కావలసింది చీటీ.

అందుచేత పాఠక మహాశయులకు నా మనవి ఒక్కటే. తాగనివారు ధన్యులు; అలాగే ఉండండి. తాగేవారు మాత్రం కొనేముందు అడగండి: కల్లయితే ఏ చెట్టు? విస్కీ అయితే ఏ పీపా, ఎన్నేళ్లు? దుకాణదారు నవ్వవచ్చు, విసుక్కోవచ్చు. పదిమంది అడిగితే ఆలోచిస్తాడు. వందమంది అడిగితే పైవాణ్ణి అడుగుతాడు. జవాబు వచ్చేదాకా చిక్కడపల్లి హోటళ్లలో ఫిల్టర్ కాఫీ ఉండనే ఉంది. అదైనా, ఏ పొడి అని అడిగి మరీ తాగండి.