ఊరు విడవని ఇల్లాలూ శత్రువేనా?

ఇంటిపెద్ద పోతే ఆస్తి తేలడానికి మనిళ్లలో ఏడాదో, పదేళ్లో. లక్నో దగ్గరి మహమూదాబాద్ రాజావారి ఇంట్లో యాభై ఏళ్లయినా గొడవ తెమల్లేదు. ఆయన 1957లో పాకిస్తాన్ పౌరసత్వం పుచ్చుకున్నారు. భార్యా, కొడుకూ మాత్రం భారతీయులుగా ఇక్కడే ఉండిపోయారు. 1965 యుద్ధంతో కోట, లక్నోలోని బట్లర్ ప్యాలెస్, అన్నీ ‘శత్రువు ఆస్తి’ కింద సర్కారు చేతికి వెళ్లాయి. 1973లో ఆయన లండన్‌లో కన్నుమూశారు. కొడుకు కోర్టుల చుట్టూ తిరగ్గా తిరగ్గా, భారత పౌరుడైన వారసుడు శత్రువు కాడని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. హమ్మయ్య అనుకునేలోపే 2010లో ఆర్డినెన్సు! 2017లో ఏకంగా చట్టమే మార్చేశారు. వారసులు భారతీయులైనా సరే, అలాంటి ఆస్తికి వారసత్వం వర్తించదట. 2023లో ఆ కొడుకూ పోయారు.

రాజులకేం లోటులెద్దురూ అంటారేమో. ఈ చట్టం రెండు గదుల పెంకుటింటికీ ఒకటే. యుద్ధవేళ ఆస్తులు స్వాధీనం చేసుకోవడాన్ని నేను తప్పుపట్టను. కానీ భర్త దేశం మారితే, మారనని ఇక్కడే ఉండిపోయిన భార్య మాటకి విలువ లేదా? ఆవిడకీ పిల్లలకీ రావలసిన వాటా తీసిపెట్టి, మిగిలింది సర్కారు ఉంచుకోవచ్చుగా!