'పొగ తాగరాదు' - చెప్పాల్సింది ఎవరు?

కిందటి చలికాలంలో సంఘాల నాయకురాళ్ళ శిక్షణ కోసం రెండు రోజులు జహీరాబాద్‌లో ఉన్నాను. హైదరాబాద్ నుంచి ముంబై వెళ్ళే 65వ నెంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న ఒక 'ఫ్యామిలీ రిసార్టు'లో మాకు బస ఏర్పాటు చేశారు. మొత్తం 24 గదులు, మధ్యలో పచ్చిక, ఒక మూల పిల్లల ఉయ్యాలలు, జారుడు బల్ల. రిసెప్షన్ బల్ల వెనక గోడ మీద ఎర్ర గీత కొట్టిన సిగరెట్ బొమ్మ, దాని కింద 'పొగ తాగరాదు' అని పెద్ద అక్షరాలు. మంచి చోటే దొరికిందనుకున్నాం.

ఆ రాత్రి అక్కడే ఎవరిదో నిశ్చితార్థం. పది దాటాక మగవాళ్ళంతా మా గదుల ముందున్న వరండాలో చేరారు. తలుపు సందుల్లోంచి పొగ లోపలికి వస్తూనే ఉంది. మాతో వచ్చిన వాళ్ళలో ఒకామెకు ఉబ్బసం. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తెల్లవార్లూ మంచం మీద కూర్చునే ఉంది. మేం ఫోన్ చేస్తే రిసెప్షన్ కుర్రాడు "చెప్తాను మేడమ్" అన్నాడు. ఎవరూ రాలేదు.

పొద్దున్నే వరండా ఊడుస్తున్న ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. చేటలోకి ఎత్తుతున్నవన్నీ సిగరెట్ పీకలే. "ఇక్కడ తాగొద్దని చెప్పొచ్చు కదా అక్కా" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నేను జెప్తె ఇంటరా అమ్మా? ఒక్కపారి జెప్పిన. 'నీ పని నువ్వు చేస్కో' అన్నడు. మల్ల పోయి మేనేజర్‌కు జెప్పిండు, నేను ఎదురు మాట్లాడిన్నని. గప్పటి సంది నోరు మూస్కున్న."

ఆమె మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. గోడ మీద బోర్డు పెట్టడానికి యాజమాన్యానికి నోరుంది. దాన్ని అమలు చేయమని అడిగేసరికి ఆ భారం అందరికన్నా తక్కువ జీతం తీసుకునే స్త్రీ మీద పడింది. అడిగినందుకు శిక్ష కూడా ఆమెకే పడింది.

శిక్షణల పేరుతో ఇరవై ఏళ్ళుగా ఇటువంటి చోట్ల బస చేస్తున్నాను. ఇది సర్వే కాదు, చూసింది చెబుతున్నాను. పొగ నిషేధం అనగానే అతిథులంతా తిరగబడతారన్నది నిజం కాదు. ఎక్కువమంది బోర్డు చూసి ఊరుకుంటారు, లేదా గేటు బయట పాన్ డబ్బా దాకా నడిచి వెళ్తారు. ఇంకొందరు "జరిమానా ఎంత? రెండొందలేగా?" అని నవ్వుతారు. వాళ్ళ దృష్టిలో అది శిక్ష కాదు, గది అద్దె మీద కొంచెం అదనపు ఛార్జీ. ఇక కొద్దిమందికి బోర్డే అవమానం. "డబ్బు కట్టి వచ్చాం, మాకు చెప్తారా?" అంటారు. వీళ్ళు కొద్దిమందే అయినా యాజమాన్యాలు భయపడేది వీళ్ళకే.

పొగ తాగని అతిథులు చేసేది కూడా చూడాలి. పొగ తాగే మనిషి దగ్గరికి వెళ్ళి అడిగేవాళ్ళు చాలా తక్కువ. గది ఊడ్చే ఆమెను పిలిచి, "వాసనొస్తోంది, సరిగా కడగలేదా?" అని గద్దించేవాళ్ళే ఎక్కువ. ఫిర్యాదు ఎప్పుడూ కిందికే ప్రయాణం చేస్తుంది. ఇక ఆ కుటుంబాల్లోని స్త్రీలు కిటికీలు తీస్తారు, పిల్లల్ని తీసుకుని పచ్చికలోకి వెళ్తారు, ఏమీ అనరు. తాగుతున్నది భర్తో మామో బావగారో అయినప్పుడు 'నలుగురిలో' అడగడం మర్యాద కాదని మనకు చిన్నప్పుడే నేర్పారు. 'ఫ్యామిలీ' రిసార్టు అంటే కుటుంబానికి భద్రత ఉన్న చోటు అనుకుంటాం. కుటుంబంలో ఎవరి సుఖానికి ఎవరు సర్దుకుంటున్నారో ఆ పద్ధతి గదికీ వరండాకీ కూడా వస్తుంది.

రెండో రోజు సాయంత్రం ఇంకొకటి చూశాను. కార్లు ఆపే చోట ఇద్దరు యువతులు సిగరెట్ వెలిగించారు. నిమిషంలో వాచ్‌మన్ వచ్చి బోర్డు వైపు వేలు చూపించాడు. వాళ్ళు మారు మాట్లాడకుండా ఆర్పేశారు. పది అడుగుల దూరంలో నలుగురు మగవాళ్ళు తాగుతూనే ఉన్నారు. వాచ్‌మన్ కళ్ళకు వాళ్ళు కనిపించలేదు. అతన్ని ఒక్కడినే తప్పుపట్టి లాభం లేదు. ఆరోగ్యం కోసం పెట్టిన నియమం స్త్రీల నడవడికను అదుపు చేసే నియమంగా ఎంత తేలిగ్గా మారుతుందో గమనించాలి. ఉత్తరాంధ్రలో స్త్రీలు నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగడం తరాలుగా ఉంది. వాళ్ళ నోటి ఆరోగ్యం గురించి మాట్లాడటం అవసరం, వాళ్ళ శీలం గురించి మాట్లాడటం అనవసరం. మనం పొగ నిషేధాన్ని సమర్థించేటప్పుడు ఈ తేడా మరిచిపోకూడదు.

మనం మాట్లాడుతున్నది పక్కవాళ్ళ ఊపిరి గురించి. జపాన్‌లో హిరయామా అనే శాస్త్రవేత్త 1981లో ప్రచురించిన అధ్యయనం, పొగ తాగే భర్తల భార్యలకు, తాము తాగకపోయినా, ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు పెరుగుతోందని చూపింది. పక్కవాళ్ళ పొగ ఎంత తక్కువైనా ప్రమాదం లేని స్థాయి అంటూ లేదని అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 2006లో తేల్చింది. హోటళ్ళకు నేరుగా సంబంధించిన అధ్యయనం కాలిఫోర్నియాలోని శాన్ డియేగో పరిశోధకులు 2013లో ప్రచురించారు. కొన్ని గదుల్లో పొగను అనుమతించే హోటళ్ళలో, 'పొగ లేని గదులు' అని రాసిపెట్టిన వాటిలో సైతం గోడల మీద, గాలిలో నికోటిన్ కనిపించింది. పూర్తిగా నిషేధం ఉన్న హోటళ్ళతో పోలిస్తే అది ఎక్కువ. అంటే గదులు విడదీసినంత మాత్రాన పొగ విడిపోదు. అతిథి ఒక రాత్రి ఉండి వెళ్ళిపోతాడు. ఆ దుప్పట్లు దులిపే, ఆ కర్టెన్లు ఉతికే, ఆ గోడలు తుడిచే స్త్రీ రోజూ అక్కడే ఉంటుంది.

మన దేశంలో 2016-17లో జరిగిన పెద్దల పొగాకు సర్వే ప్రకారం మగవాళ్ళలో 19 శాతం, స్త్రీలలో 2 శాతం పొగ తాగుతున్నారు. నాలుగు గోడల మధ్య పనిచేసే వాళ్ళలో 30.2 శాతం మంది పని చోటే ఇతరుల పొగ పీలుస్తున్నారు. ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది పని హక్కుల ప్రశ్న అని అర్థమవుతుంది.

చట్టం దగ్గరికి వద్దాం. 1999 జూలైలో కేరళ హైకోర్టు బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. ఆ తీర్పు వెనక మోనమ్మ కొక్కాడ్ అనే అధ్యాపకురాలి పోరాటం ఉంది. 2001 నవంబర్ 2న మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు ఆసుపత్రులు, బడులు, గ్రంథాలయాలు, కోర్టులు, రైళ్ళ వంటి చోట్ల దేశమంతటా నిషేధం విధించింది. ఆ జాబితాలో హోటళ్ళు లేవు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం, 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు హోటళ్ళనూ పని స్థలాలనూ పరిధిలోకి తెచ్చాయి.

ఆ నిబంధనల్లో మనకు పనికొచ్చేవి చాలా ఉన్నాయి. 30 గదులు లేదా అంతకు మించి ఉన్న హోటల్‌కే పొగ తాగేవాళ్ళ కోసం వేరే గదులు కేటాయించే వీలుంది. అవి కూడా ఒకే అంతస్తులోనో ఒకే భాగంలోనో ఉండాలి. ఆ పొగ వరండాల్లోకి రాకూడదు. మేం ఉన్న 24 గదుల రిసార్టుకు ఆ వెసులుబాటే లేదు. యాష్ ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు ఇవ్వకూడదు. ఎవరికి ఫిర్యాదు చేయాలో ఆ మనిషి పేరు స్పష్టంగా రాసి పెట్టాలి. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోకపోతే ఎన్ని ఉల్లంఘనలు జరిగితే అన్నింటికీ యజమాని లేదా మేనేజర్ జరిమానా కట్టాలి. చట్టం బాధ్యతను స్పష్టంగా యాజమాన్యం మీద పెట్టింది. ఊడ్చే ఆమె మీద కాదు.

లోపాలూ ఉన్నాయి. వ్యక్తికి జరిమానా 200 రూపాయల వరకే. ఆరుబయలు ప్రదేశం నిర్వచనంలోకి రాదని చట్టం అంటుంది. పచ్చికలతో, వరండాలతో నిండిన రిసార్టులకు ఇది అనుకూలమైన సందు. హోటళ్ళలో ప్రత్యేక పొగ గదులను పూర్తిగా ఎత్తేయాలన్న సవరణ ముసాయిదాను కేంద్రం 2021 జనవరిలో ప్రజాభిప్రాయం కోసం పెట్టింది. అది ముసాయిదాగానే ఉండిపోయింది.

మేనేజర్లు ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. "గట్టిగా అంటే గిరాకీ పోతుంది మేడమ్." ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలి. 1990ల్లో బహుళజాతి సిగరెట్ కంపెనీలు అంతర్జాతీయ హోటల్ సంఘాలకు డబ్బిచ్చి, 'ఇద్దరూ సర్దుకుపోదాం' అనే ప్రచారాన్ని అనేక దేశాల్లో నడిపించాయి. నిషేధం వస్తే వ్యాపారం దెబ్బతింటుందన్న వాదన అప్పుడే బాగా పాతుకుపోయింది. అటువంటి అధ్యయనాలన్నింటినీ పరిశీలించి 2003లో వెలువడిన సమీక్ష, పద్ధతి ప్రకారం చేసిన అధ్యయనాల్లో రెస్టారెంట్లకూ బార్లకూ నష్టం కనిపించలేదని చెప్పింది. సర్దుకుపోవడం అనే మాట స్త్రీలకు కొత్త కాదు. సర్దుకునేది ఎప్పుడూ ఒకవైపే అని కూడా మనకు తెలుసు.

కొందరు మిత్రులు అడుగుతారు, 'కూలి రేట్లు, అత్యాచారాలు, భూమి ఇన్ని సమస్యలుండగా హోటల్లో పొగ ఒక సమస్యా?' అని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా గురించి మాట్లాడినప్పుడు కూడా అది 'ఇంటి గొడవ'గానే కనిపించింది. 1997లో విశాఖ తీర్పు రాకముందు పని చోట లైంగిక వేధింపులు స్త్రీలు ఓర్చుకోవాల్సిన వ్యవహారం. ఆ తీర్పు తర్వాతే పని స్థలాన్ని సురక్షితంగా ఉంచడం యజమాని బాధ్యత అన్న సూత్రం మన చేతికి వచ్చింది. పని చోటి గాలికి కూడా అదే సూత్రం వర్తిస్తుంది.

అయితే ముందు హాలు పొగ గురించి మాట్లాడి వెనక వంటింటి పొగను మరిచిపోతే మన వాదన సగమే. ఆ రిసార్టులో రొట్టెలు చేసే స్త్రీలు కట్టెల పొయ్యి ముందు కూర్చున్నారు. పొగ పోవడానికి ఒకే ఒక చిన్న కిటికీ. అలాగే సిద్దిపేట, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టి బతికే వేలాది స్త్రీలు మన సంఘాల్లోనే ఉన్నారు. పొగాకు తగ్గాలని అడిగేటప్పుడే వాళ్ళకు వేరే ఉపాధి, పింఛను, వైద్యం కూడా అడగాలి. ఒక స్త్రీ ఊపిరి కోసం ఇంకొక స్త్రీ అన్నాన్ని పణంగా పెట్టమని మనం అనలేం.

జహీరాబాద్‌లో నాకు ఇంకొక విషయం గుర్తొచ్చింది. హోటళ్ళలో పొగ నిబంధనలు వచ్చిన 2008 అక్టోబర్‌లోనే, 15వ తేదీన, అక్కడికి దగ్గర్లోని మాచ్‌నూరులో సంఘం రేడియో మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు తమ విత్తనాల గురించి, తమ పంటల గురించి తమ యాసలోనే మాట్లాడుతుంటే ఆ ప్రాంతమంతా వింది. అదే ప్రాంతంలో, అదే యాసలో మాట్లాడే స్త్రీ ఒక అతిథికి 'ఇక్కడ తాగొద్దు' అని చెప్పలేకపోతోంది. ఆమెకు ధైర్యం లేక కాదు. వాళ్ళ వెనక సంఘం ఉంది, ఈమె వెనక లేదు.

ఆ రోజు మధ్యాహ్నం మేం నలభైమందిమి కలిసి మేనేజర్ దగ్గరికి వెళ్ళాం. "కస్టమర్లను ఏమంటాం మేడమ్?" అన్నాడు. "మేం కూడా కస్టమర్లమే" అంది ఉబ్బసం ఉన్న ఆమె. ఆయన నవ్వాడు కానీ, గంటలో వరండాలోని యాష్ ట్రేలు తీయించాడు. ఫిర్యాదు చేయాల్సిన చోట తన పేరే రాసి అంటించాడు. సంతోషంగా ఆ ఊడ్చే ఆమెకు చెప్పాను. "మీరు రేపు వోతరు గదమ్మా" అంది.

ఆమె ప్రశ్నకు జవాబు మన దగ్గర ఉండాలి. మన సంస్థలు ఏటా ఎన్నో శిక్షణలు ఇటువంటి చోట్లే పెట్టుకుంటాయి. నలభై యాభైమందికి ఒకేసారి గదులు తీసుకునే మనం చిన్న గిరాకీ కాదు. గదులు మాట్లాడుకునేటప్పుడే కొన్ని షరతులు కాగితం మీద రాయించుకోవచ్చు. మొత్తం ఆవరణలో, ముఖ్యంగా వరండాల్లో, పిల్లలు ఆడుకునే చోట పొగ ఉండకూడదు. అతిథికి చెప్పే బాధ్యత మేనేజర్‌దే కావాలి. అతిథిని వారించిన కార్మికురాలి మీద ఏ చర్యా ఉండకూడదు. దుప్పటి మీద సిగరెట్ కాలిన మచ్చకు ఆమె జీతంలో కోత పడకూడదు. వంటింట్లో పొగ బయటికి పోయే ఏర్పాటు ఉండాలి. ఇవి ఒప్పుకోని చోట మన సమావేశాలు పెట్టకూడదు. వెళ్ళిన ప్రతి చోటా అక్కడ పనిచేసే స్త్రీలతో ఒక గంట కూర్చుని, వాళ్ళను దగ్గర్లోని సంఘంతో, యూనియన్‌తో కలిపి రావాలి.

ఈ జాబితా పెద్దదేమీ కాదు. వచ్చే శిక్షణకు మళ్ళీ జహీరాబాద్ వెళ్తున్నాం. అదే రిసార్టు అడిగాం, షరతులు పంపాం. జవాబు ఇంకా రాలేదు. గదులు దొరికినా దొరక్కపోయినా ఆమెను మాత్రం కలిసి వస్తాం.