నాలుగు రోజులకేగా!

ఓడ ఎక్కి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా వీధిలో ఆడవాళ్ళంతా ఒకటే ప్రశ్న. "సముద్రం ఎలా ఉందండీ?" అని. సముద్రం సంగతి మావారిని అడగాలి తల్లీ! నేను ఎక్కువగా చూసింది వాష్‌బేసిన్‌ని. అందులో మావారి చొక్కా, మా అమ్మాయి చుడీదారు, నా జాకెట్టు, మధ్యన ఒక సబ్బు బిళ్ళ.

పోయిన డిసెంబరులో సింగపూర్‌లో ఎక్కి, పెనాంగ్, ఫుకెట్ చూసుకుని మళ్ళీ సింగపూర్‌లోనే దిగే నాలుగు రాత్రుల ప్రయాణం. మావారూ నేనూ ఒక కేబిన్‌లో, మా పెద్దాడపడుచూ మా అమ్మాయీ పక్క కేబిన్‌లో. కంపెనీ పేరు చెప్పను. చెప్తే మీరు ఆ ఒక్క ఓడ మీద కోప్పడి ఊరుకుంటారు. నా తగాదా ఆ ఓడతో కాదు. "నాలుగు రోజులకేగా, సర్దుకుపోదూ" అనే మాటతో.

ఎక్కేటప్పుడే మొదటి దెబ్బ తగిలింది. సామాను తనిఖీలో మా సూట్‌కేసు పక్కకి లాగి, చీరల మడతల్లో నేను దాచిన బుల్లి ఇస్త్రీ పెట్టె బయటికి తీసి, నా చేతిలో రసీదు పెట్టారు. దిగేటప్పుడు ఇస్తారట. అప్పుడు ఒళ్ళు మండింది గానీ, ఆలోచిస్తే ఆ విషయంలో తప్పు నాదే. నడి సముద్రంలో నిప్పు పుడితే ఏ ఊరి ఫైరింజనూ రాదు. 2006 మార్చిలో కరీబియన్ సముద్రంలో 'స్టార్ ప్రిన్సెస్' అనే ఓడలో ఒక బాల్కనీలో మొదలైన మంట వందకు పైగా గదుల్ని పాడుచేసింది. ఒక ప్రయాణికుడు చనిపోయాడు. ఆర్పకుండా పారేసిన సిగరెట్టే కారణమై ఉంటుందని దర్యాప్తు చేసినవాళ్ళు రాశారు. ఒక సిగరెట్టుకే అంతయితే, నాలాంటి మతిమరుపు ఇల్లాళ్ళు వెయ్యిమంది వెయ్యి ఇస్త్రీ పెట్టెలతో ఎక్కితే ఏమవుతుంది! సరే, ఒప్పుకున్నాను.

మరి ఇస్త్రీ పెట్టె పట్టుకుపోయినవాళ్ళు బదులుగా ఏమిచ్చారు? కొన్ని ఓడల్లో వాషింగ్ మెషిన్లూ, ఇస్త్రీ బల్లా ఉన్న గది ఒకటి ఉంటుంది, ఎవరి బట్టలు వాళ్ళు వేసుకోవచ్చు. మా ఓడలో లేదు. టిక్కెట్టు కొనేముందు మేమూ అడగలేదు. అలమరలో ఒక సంచీ, దాని మీద ధరల పట్టీ మాత్రం ఉన్నాయి. చొక్కాకింత, ప్యాంటుకింత, ఇస్త్రీ ఒక్కటే అయితే ఇంత. చీర అన్న మాటే ఆ పట్టీలో లేదు. ఆరు గజాల మనిషి ఓడెక్కుతుందని వాళ్ళు ఊహించినట్టు లేదు.

మావారు ఆ పట్టీ చదివి, "దోపిడీ! చొక్కా ఉతకడానికి ఇంతా? నువ్వు రాత్రి రెండు గుంజులు గుంజి ఆరేస్తే పొద్దుటికి ఆరిపోవూ?" అన్నారు. ఆ సాయంత్రం డెక్ మీద కూర్చుని ఆయన తాగిన రెండు గ్లాసుల బీరు ఖరీదుతో మూడు చొక్కాలు ఉతికించొచ్చు. బీరు దోపిడీ కాదట. అది విహారమట.

అసలు సంగతి ఇక్కడే ఉందండీ. ఇంట్లో మన చేతి పనికి ధర లేదు. అందుచేత అదే పనికి బయట ఎవరైనా ధర కడితే మన మగవాళ్ళకి దోపిడీలా కనబడుతుంది. వాళ్ళనని ఏం లాభం? నాకూ అలాగే కనబడింది. కొంగు బిగించి బాత్‌రూములోకి నడిచాను.

బాత్‌రూమంటే మీరు మన బాత్‌రూము ఊహించుకోకండి. బీరువా అంత చోటు. షవరు దగ్గర గోడలోంచి ఒక సన్నటి తీగ లాగి ఎదుటి గోడకి తగిలించుకోవాలి. ఒక చొక్కా, రెండు బనియన్లు వేస్తే నిండిపోతుంది. నూలు చీర వేస్తే నాలుగు మడతలై, తెల్లారేసరికి లోపలి మడత కంపు కొడుతుంది. కిటికీ ఉండదు. బాల్కనీలో ఏదీ ఆరేయకూడదు, గాలికి ఎగిరిపోతుందనీ, నిప్పు భయమనీ. ఒక్క సుఖం మాత్రం ఒప్పుకోవాలి, అవి నీళ్ళు. సముద్రపు నీళ్ళలోనే ఉప్పు తీసి వాడతారు కాబట్టి మా బోరు నీళ్ళలా సబ్బు విరిగిపోదు. చిటికెడు పొడికే బోలెడు నురుగు. ఆ నురుగు వదిలించడానికి పదిసార్లు జాడించాలనుకోండి, అది వేరే సంగతి. ఉతికిన బట్టని పొడి తువ్వాలులో చాపలా చుట్టి, దాని మీద నిలబడి తొక్కితే నీళ్ళన్నీ తువ్వాలు పీల్చుకుంటుంది. ఈ చిట్కా కనిపెట్టింది నేనే కాబోలనుకుని గర్వపడ్డాను. రాత్రి పదకొండింటికి, పైన పాటలూ డాన్సులూ జరుగుతుంటే, తువ్వాలు మీద తకధిమి తొక్కుతూ గర్వపడ్డాను. అప్పుడు అద్దంలో నా మొహం కనబడింది.

మర్నాడు మొత్తం సంచీలో కుక్కి, కాగితం మీద సంతకం పెట్టి పంపించేశాను. ఆ సాయంత్రమే ఇస్త్రీతో తిరిగొచ్చాయి. డబ్బు మావారి ఖాతాలో పడింది. ఆయన ఏమీ అనలేదు. అనరని ముందే తెలిస్తే మొదటి రాత్రి కూడా సముద్రం చూసేదాన్ని.

బట్టల గొడవకి నవ్వుకున్నాం గానీ, పక్క కేబిన్ సంగతి నవ్వులాట కాదు.

మొదటి రోజు గదిలో అడుగుపెట్టగానే వదినగారికి మూడు కనబడ్డాయి. దుప్పటి అంచున ఒక మరక, మంచం పక్కన కార్పెట్ మీద ఎండిపోయిన మరక ఇంకోటి, బాత్‌రూములోంచి మురుగు వాసన. ఆవిడ ఏం చేశారు? గంట కొట్టలేదు, ఫోనెత్తలేదు. సంచీలోంచి డెట్టాలు సీసా, పాత చీర పేలికా తీసి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ కార్పెట్‌ని ఉత్త చేతుల్తో తుడిచారు. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న దుప్పటి పరుచుకున్నారు. వాసన రాకుండా బాత్‌రూము తలుపు కింద తువ్వాలు దోపారు. పైగా మా అమ్మాయితో, "మీ నాన్నకి చెప్పకే, గొడవ పెట్టుకుంటాడు. నాలుగు రోజులకేగా" అన్నారు.

అరవై ఏళ్ళ మనిషి, సొంత డబ్బు పెట్టి టిక్కెట్టు కొనుక్కుని, ఎవరో చేసిన మరక తుడిచి, దాన్ని దొంగతనంలా దాచారండీ!

ఇది వదినగారొక్కరి గుణం కాదు. మనల్ని పెంచిందే అలా. అత్తవారింట్లో కూర చప్పగా ఉందంటే పొగరు. పెళ్ళివారి విడిదిలో నీళ్ళు రావడం లేదంటే గయ్యాళి. ఆస్పత్రిలో మంచం మార్చమంటే అతి. నోరు విప్పకుండా చేత్తో సర్దేసుకున్నదే ఉత్తమ ఇల్లాలు. ఆ కితాబు కోసం ఎన్ని మురికి గదులు కడిగామో లెక్క పెట్టుకోండి ఒకసారి.

ఈ సర్దుకుపోవడం వల్ల ఎవరికీ నష్టం లేదనుకుంటాం. ఉంది. ఓడల్లో నోరోవైరస్ అని ఒక క్రిమి ఉంది. వాంతులూ విరేచనాలూ తెప్పిస్తుంది. వేల మంది ఒకే చోట తిని, ఒకే మెట్ల కమ్మీలు పట్టుకుని తిరిగేచోట ఇట్టే పాకుతుంది. చేతులకి రాసుకునే శానిటైజరుకి అది సరిగ్గా లొంగదు, సబ్బు నీళ్ళతో రుద్ది కడుక్కోవాల్సిందే. వాంతి పడ్డ చోటు శుభ్రం చెయ్యడానికి చేతి తొడుగులూ, క్లోరిన్ మందులూ, ఒక పద్ధతీ ఉంటాయి. తెలియని మరకని ఉత్త చేతుల్తో తుడవడం శుభ్రత కాదు, సాహసం.

రెండో రాత్రికి వదినగారికి వాంతులు మొదలయ్యాయి. ఆ మరక వల్లేనని నేను ప్రమాణం చెయ్యలేను. ఓడ డాక్టరు కూడా దేనివల్లో చెప్పలేదు. తగ్గిందాకా గది దాటి రావద్దన్నాడు, అంతే. అది కూడా సబబే. దాచిపెట్టి భోజనాల హాల్లో తిరిగేవాళ్ళ వల్లే ఊరంతటికీ అంటుకుంటుంది. ఫుకెట్‌లో మేం దిగిన రోజు ఆవిడ అదే గదిలో, అదే మురుగు వాసనలో, ఆ మరక పక్కనే పడుకుని ఉన్నారు.

అప్పుడు మేలుకున్నారు మావారు. వరండాలో గదులు శుభ్రం చేసే కుర్రాణ్ణి పట్టుకుని, నలుగురూ తలుపులు తీసి చూసేలా ఇంగ్లీషులో కేకలేశారు. గోవా కుర్రాడు, పాతికేళ్ళు కూడా ఉండవు. మనిషికి రోజుకింత అని బిల్లులో కలిపే సిబ్బంది బక్షీసు కొట్టేయించడానికి కిందికి బయల్దేరారు. చాలామంది మగవాళ్ళకి ఫిర్యాదంటే ఇదే. మనం అసలు నోరు విప్పం, వాళ్ళు విప్పితే దొరికిన బక్క ప్రాణి మీద విప్పుతారు. రెండింటివల్లా మరక మరకలాగే ఉంటుంది.

ఆ కుర్రాడు చెప్పింది వినండి. పాత ప్రయాణికులు పొద్దున్న దిగితే కొత్తవాళ్ళు మధ్యాహ్నం నుంచే ఎక్కుతారు. ఆ కాస్త వ్యవధిలో అతను పదహారు గదులు చెయ్యాలి. సముద్ర కార్మికుల కోసం ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది, 2006లో చేశారు, 2013లో అమల్లోకొచ్చింది. అందులో విశ్రాంతి లెక్క వారానికి 77 గంటలకి తగ్గకూడదని. వారానికి 168 గంటలు. తీసివేత మీరే చెయ్యండి. విశ్రాంతి లెక్క పాటించే ఓడల్లో మిగిలిన 91 గంటలూ పని చేయించుకున్నా నియమం తప్పినట్టు కాదు. మురుగు గొట్టం బాగుచెయ్యడం అతని పని కాదు, ఓడకి ఇంకో ఇద్దర్ని పెట్టుకోవడం అతని చేతిలో లేదు. బక్షీసు కోస్తే కోత పడేది మాత్రం అతనికే.

మావారి చెయ్యి పట్టుకుని ఆపి, రిసెప్షన్‌కి నేనే వెళ్ళాను. కేకలెయ్యలేదు, బతిమాలనూ లేదు. మా అమ్మాయి మొదటి రోజే ఫోనులో తీసిన ఫొటోలు చూపించాను. (పిల్లలు మనకంటే నయం.) గది నంబరు, ఏ రోజు నుంచి, ఏమేమిటి, అన్నీ రాయించాను. రాసుకున్నావిడ పేరు నేనూ రాసుకున్నాను. "ఎన్నింటికి వస్తారు?" అని అడిగాను. గంటన్నారు. గంట దాటాక మళ్ళీ వెళ్ళి, సూపర్‌వైజర్‌ని పిలవమన్నాను. పిలిచారు. ఆవిడ ఫిలిప్పీన్స్ మనిషి. గది చూసి, క్షమించమని, మనుషుల్ని రప్పించింది. గది మార్చమంటే ఖాళీ లేదంది. కానీ తొడుగులేసుకున్న ఇద్దరొచ్చి కార్పెట్ శుభ్రం చేశారు, పరుపు మీద తొడుగుతో సహా మార్చారు. మురుగు వాసనకి కారణం విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. షవరు కింద గొట్టం వంపులో నిలవ ఉండాల్సిన నీళ్ళు ఎండిపోయాయట. ఆ నీళ్ళే వాసనకి అడ్డుకట్ట. ప్లంబరు రెండు చెంబుల నీళ్ళు పోశాడు, అంతే. తలుపు కింద తువ్వాలు దోపుకుని రెండు రాత్రులు ముక్కు మూసుకున్నది రెండు చెంబుల నీళ్ళ కోసం!

అందుకే చెప్తున్నాను. గదిలోకెళ్ళగానే, సూట్‌కేసు విప్పకముందే చూసుకోండి. చెప్పాల్సింది ఆ గంటలోనే చెప్పండి. నాలుగో రోజు చెప్తే వాళ్ళు చెయ్యగలిగేదేమీ ఉండదు. చెప్పాల్సింది చెయ్యగల అధికారం ఉన్నవాళ్ళకి. మన వంతు కూడా ఉంది సుమా. ఓడలో మరుగుదొడ్డి గాలితో పీల్చేది. అందులో ప్యాడో గుడ్డ పేలికో పడేస్తే మన గదే కాదు, ఆ వరసంతా మూసుకుపోతుంది.

ఇంకో మాట. అమెరికాలో 1970ల నుంచీ ఒక పద్ధతి ఉంది. విదేశాలు తిరుగుతూ వాళ్ళ రేవుల్లో ఆగే ఓడల్ని ప్రభుత్వ ఆరోగ్య శాఖ తనిఖీ చేసి నూటికి మార్కులు వేస్తుంది. 86 వస్తే పాసు, 85 వస్తే తప్పినట్టే. ఆ మార్కులు ఎవరైనా చూడొచ్చు. మన విశాఖపట్నంలో 2023లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. రేపు మన ఆడవాళ్ళే ఎక్కుతారు. ఆ ఓడల మార్కులు కూడా టిక్కెట్ల కిటికీ దగ్గర, ధరల పట్టీ పక్కనే అంటించమని ఇప్పట్నుంచే అడగాలి. ధరలు అంత పెద్దక్షరాల్లో వేసేవాళ్ళకి మార్కులు వెయ్యడానికి చోటు దొరక్కపోదు.

మా స్నేహితురాలు ఇదంతా విని, "బిందె నీళ్ళ కోసం వీధి కుళాయి దగ్గర నిలబడేవాళ్ళున్న దేశంలో ఓడలో మరక గురించి ఇంత రాద్ధాంతమా?" అంది. మాట నిజమే. కానీ ఆ కుళాయి దగ్గర కూడా "నీళ్ళెందుకు రాలేదు" అని అడగకుండా ఇంకో వీధికి బిందె మోసుకుపోయేది ఆడదే. ఓడ మీద అడగలేనిది అక్కడ అడుగుతుందా? టిక్కెట్టు కొనుక్కున్న చోట, అడిగితే "యెస్ మేడమ్" అనే చోట కూడా గొంతు పెగలకపోతే, ఎవరూ మేడమ్ అనని చోట ఎలా పెగులుతుంది? దానికి ఆవిడ జవాబు చెప్పలేదు, కాఫీ అడిగింది.

మొన్న వదినగారు ఫోన్ చేశారు. అరుణాచలం వెళ్ళి గిరిప్రదక్షిణ చేసొచ్చారట. సత్రంలో దిగారట.

"దుప్పటి బావుందా వదినా?" అన్నాను.

"ఏం బావుండటం! మార్చమని రెండుసార్లు అడిగానే. రెండోసారి మార్చారు" అన్నారు.