"ఓర్చుకో అమ్మా" అన్న మాట



చాలా యేళ్ల క్రితం ఒక సాయంత్రం హయత్‌నగర్‌లోని మా ఇంటికి ఒక సహోదరి వచ్చింది. చెంప కమిలి ఉన్నది. "అయ్యగారూ, ఇక నావల్ల కాదు" అన్నది. మేము ప్రార్థన చేసి, "ఓర్చుకో అమ్మా, ప్రభువు అతణ్ణి మార్చుతాడు" అని చెప్పి పంపించాము. మూడు నెలలకు ఆమె చేతికి కట్టుతో ఆరాధనకు వచ్చింది. కట్టు కన్నా ఆమె అన్న మాటే మమ్ములను ఎక్కువ బాధించినది. "తప్పు నాదేనేమో అయ్యగారూ, నేనే పనికిరానిదాన్నేమో" అన్నది.

దెబ్బలు మానుతాయి. "నేను పనికిరాను" అన్న నమ్మకము మాత్రము లోపల వేరు పాతుకుంటుంది. దానికి నీళ్లు పోసినవారిలో మేమూ ఉన్నామని ఆ దినము గ్రహించాము.

తరువాత కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ఆత్మకథ 'నిర్జన వారధి' చదివినప్పుడు ఆ సహోదరే గుర్తుకు వచ్చింది. కోటేశ్వరమ్మ గారు మన విశ్వాసములోని వారు కారు, కమ్యూనిస్టు ఉద్యమములో పనిచేసినవారు. 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్లి చేశారు, పసితనములోనే విధవరాలయ్యారు. తరువాత కొండపల్లి సీతారామయ్య గారిని వివాహమాడారు. ఇద్దరు బిడ్డలు కలిగాక ఆయన ఆమెను విడిచిపెట్టారు. ఆమె హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి చదువుకుని, కాకినాడలో పాలిటెక్నిక్ ఆడపిల్లల హాస్టలుకు మేట్రన్ అయ్యారు. బిడ్డలిద్దరినీ పోగొట్టుకున్నారు. అయినా తొంభై యేళ్లు దాటాక, 2012లో, తన కథ తానే చెప్పుకున్నారు. 2018లో నూరేళ్లు నిండి కన్నుమూశారు.

ఆమెది దెబ్బల కథ కాదు, విడనాడబడిన కథ. అయినా పాఠము ఒకటే. ఎవరో ఓదార్చినందున ఆమె తల ఎత్తుకోలేదు. చదువు, సొంత సంపాదన, తన మాట తాను చెప్పుకొనే ధైర్యము ఆమెను నిలబెట్టినవి.

మన సంఘాలలో ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయములో భార్యలకు చెప్పిన మాట ఎన్నిసార్లు వినిపించాము! భర్త తన సొంత శరీరమువలె భార్యను ప్రేమింపవలెనన్న మాట అంత గట్టిగా చెప్పామా? 2001లో సవరించేదాకా మన క్రైస్తవుల విడాకుల చట్టములో క్రూరత్వము ఒక్కటే భార్యకు చాలిన కారణము కాదు, దానితోపాటు భర్త వ్యభిచారము కూడా రుజువు చేయవలసి ఉండేది. ఇప్పుడు అది లేదు. 2006 అక్టోబరు నుండి అమలులో ఉన్న గృహహింస చట్టము కొట్టుటనే కాదు, తిట్లను, అవమానాన్ని, డబ్బు ఇవ్వకుండా ఏడిపించుటను కూడా హింస అనే అంటుంది. ఇల్లు తన పేరున లేకపోయినా అందులో ఉండే హక్కు భార్యకు ఇస్తుంది. 181కి ఫోను చేస్తే సహాయము దొరుకుతుంది.

ఆ సహోదరిని ఆ ఆదివారమే మా ఇంటావిడ వెంటబెట్టుకుని మొదట ఆసుపత్రికి, తరువాత పోలీసు స్టేషనుకు తీసుకువెళ్లింది. నేడు ఆమె టైలరింగు చేసి పిల్లలను చదివించుకుంటున్నది. భర్తను క్షమించానంటుంది. అయితే ఆ ఇంటికి తిరిగి వెళ్లలేదు. క్షమించుట వేరు, తిరిగి దెబ్బల క్రింద కూర్చొనుట వేరు అని ఆమెయే మాకు నేర్పినది.

తోటి సేవకులారా, అమ్మానాన్నలారా! ఏడుస్తూ మీ గుమ్మములోకి వచ్చిన ఆడబిడ్డకు ఓర్పు బోధించకముందు ఒక్క మాట అడగండి: "ఈ రాత్రి నువ్వు భయము లేకుండా ఎక్కడ పడుకుంటావు తల్లీ?" ప్రార్థన ఆ తరువాత చేద్దాము.