ఓవెన్ గిన్నెల బీరువా కాదు

మన తెలుగువాళ్ల ఇళ్లలో ఓవెన్ తలుపు ఒకసారి తీసి చూడండి. నాలుగు బాణళ్లు, రెండు అట్ల పెనాలు, ఒక ఇడ్లీ స్టాండు, మూత సరిగ్గా పట్టని పాత ప్రెషర్ కుక్కరు దర్శనమిస్తాయి. ఇల్లు కొనేముందు వంటింట్లో ఓవెన్లు ఎన్నని అడిగి మరీ కొంటాం. కొన్నాక వాటిని గిన్నెల బీరువాలుగా మార్చేస్తాం. పిల్లవాడి పుట్టినరోజు వచ్చిందంటే దుకాణానికి పరుగెత్తి, నీలిరంగు పువ్వులు పూసిన పలక కేకు ఒకటి తెచ్చి కోసేస్తాం. మన సంఘం సభల్లోనూ అదే కేకు. పులిహోరలో ఇంగువ చాలలేదని, గోంగూరకి పులుపు తగ్గిందని అరగంటసేపు తర్కించే మనం ఆ కేకు దగ్గర మాత్రం నోరెత్తం. ఈ మౌనం మీదనే మా తగాదా.

మా వాదం ఒక్కటే. కేకు తినదలిస్తే ఇంట్లో చేసుకుని తినాలి. మొదలు పెట్టవలసింది పౌండ్ కేకుతో. దాని పేరులోనే దాని లెక్క ఉంది: ఒక పౌను పిండి, ఒక పౌను వెన్న, ఒక పౌను చక్కెర, ఒక పౌను గుడ్లు. చదువురాని ఇంట్లో కూడా నోటిమాటగా నిలిచే కొలత అది. ఇంగ్లండులో పుట్టి ఈ దేశానికి వచ్చింది. 1796లో హార్ట్‌ఫర్డ్‌లో అచ్చయిన అమీలియా సిమన్స్ ‘అమెరికన్ కుకరీ’ అమెరికా మనిషి రాసిన మొదటి వంటల పుస్తకంగా పేరు పొందింది. అందులోనూ పౌండ్ కేకు ఉంది, అదీ పన్నీరు పోసి, ఇష్టమైన సుగంధద్రవ్యాలు వేసి. కనుక మనం ఏలకుల పొడి వేస్తే కేకు చెడిపోయిందని ఎవరూ అనక్కరలేదు.

“అది మన వంట కాదు కదా” అని కొందరు పెద్దలంటారు. అయ్యా, మిరపకాయ మాత్రం మనదా? ఈ ఖండంలో పుట్టి, పోర్చుగీసువారి ఓడలెక్కి మన ఊరు చేరింది. ఇవాళ మిరపకాయ లేని గుంటూరుని ఊహించండి! పోనీ, మన ఊళ్లలో కేకు లేదా? డిసెంబరు 31 సాయంత్రం ఏ ఊరి బేకరీ ముందు చూసినా తిరునాళ్లే. కుక్కర్ అడుగున ఇసుక పోసి, విజిల్ తీసేసి, అందులో గిన్నె పెట్టి కేకు చేసిన తల్లులు ఎందరో. ఓవెన్ లేనివాళ్లు ఇసుకలో చేశారు. ఉన్నవాళ్లం మనం గిన్నెలు దాచుకుంటున్నాం.

రెండో అభ్యంతరం గుడ్డు. గుడ్డు తినని వారి నియమం మాకు గౌరవమే. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నల కోసం వంటింట్లోకి గుడ్డు రానివ్వని ఇళ్లకు నమస్కారం. కానీ ఇంట్లో గుడ్డు కూడదని, దుకాణం కేకు మాత్రం అడక్కుండా తినడం ఏ ధర్మం? ఆ కేకులో గుడ్డు లేదని ఎవరు చెప్పారు? పెట్టె మీద చిన్న అక్షరాలు చదివామా? ఇంట్లో చేస్తే ఏం వేశామో మనకి తెలుస్తుంది, తినే పెద్దవారికి నిజం చెప్పగలం. గుడ్డు వద్దంటే చిక్కటి తీపిపాలతో వేరే కేకు చేయండి. అదీ బాగుంటుంది, కానీ దాన్ని పౌండ్ కేకు అనకండి.

మూడోది, “మా చేతికి రాదు, ఎండిపోతుంది” అన్నది. ఎందుకెండిపోతుంది? మందు మిల్లీగ్రాముల్లో రాసే డాక్టర్లం, వంతెన కొలతలు అంగుళాల్లో లెక్కకట్టే ఇంజనీర్లం, వంటింట్లోకి రాగానే “అందాజుగా” అంటాం కనుక. పప్పుచారుకి అందాజు చెల్లుతుంది, కేకుకి చెల్లదు. త్రాసు కొనండి. చిన్న కుటుంబానికి పౌనులో సగం, అంటే తలా 227 గ్రాములు చాలు. గుడ్లు పెంకు తీసి తూస్తే నాలుగైదు. వేలితో నొక్కితే గుంట పడేటంత మెత్తగా వెన్న ఉండాలి, కరిగిపోకూడదు. వెన్న, చక్కెర కలిపి రంగు తెల్లబడేదాకా ఐదారు నిమిషాలు గిలకొట్టాలి. అసలు పద్ధతిలో బేకింగ్ పౌడర్ లేదు. ఇప్పుడు వెన్నలో చిక్కుకున్న గాలే తర్వాత కేకుని పైకి లేపుతుంది. చల్లదనం పోయిన గుడ్లు ఒక్కొక్కటే వేయాలి. పిండి వేశాక తడి కలిసిందనగానే చెయ్యి ఆపాలి. చపాతీ పిండిలా మర్దిస్తే బంక సాగి కేకు గట్టిపడుతుంది. గుడ్డలో కట్టి నీరు ఓడ్చిన పెరుగు రెండు పెద్ద చెంచాలు వేస్తే ఇంకా మెత్తగా వస్తుంది. 325 డిగ్రీల ఫారిన్‌హీట్ వేడిలో గంటా పావు లోపు అవుతుంది. గంట కాకముందే చూడటం మొదలుపెట్టండి. పుల్ల గుచ్చితే రెండు తడి పలుకులు అంటుకు రావాలి. పూర్తిగా పొడిగా వచ్చిందంటే వేళ మించినట్టే. చల్లారాక చుట్టిపెట్టి మర్నాడు కోయండి. ఆవకాయలాగే దీనికీ ఊరే సమయం కావాలి.

ఇక, “డాక్టర్లై ఉండి వెన్న తినమంటారా?” అని అడిగేవారికి లెక్క చెబుతాం. పైన చెప్పిన కేకులో సుమారు 3650 కాలరీలు. పన్నెండు ముక్కలు కోస్తే ముక్కకి 300 పైచిలుకు, 19 గ్రాముల చక్కెర, దాదాపు 10 గ్రాముల సంతృప్త కొవ్వు. రోజుకి 2000 కాలరీలు తినేవారు ఆ కొవ్వు 13 గ్రాములు దాటనివ్వరాదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సలహా. మనవారికి చక్కెరజబ్బు, గుండెజబ్బు ముప్పు ఎక్కువ. ఆసియా సంతతివారికి శరీర భార సూచిక 23 చేరితేనే చక్కెర పరీక్ష చేయాలని 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పింది. కాబట్టి ఇది రోజూ తినే తిండి కాదు, పండుగ తిండి. ఇంట్లో చేయమనడానికి సగం కారణం ఇదే. రెండు గంటలు కష్టపడి చేసినది మనిషి నెలకోసారే చేస్తాడు, ముక్క చిన్నదిగా కోస్తాడు, నలుగురికీ పంచుతాడు. ఊరికే దొరికే కేకుకి ఆ అదుపు లేదు.

చివరిగా, “ఎవరు చేయాలి?” అన్న ప్రశ్న. ఇది చదివి, “విన్నావా, ఇకనుంచి ఇంట్లోనే చెయ్యాలట” అని భార్యతో అనబోయే సోదరులారా, ఆగండి. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఆవిడ మీద మరో పని మోపడానికి మేము ఇంత రాయలేదు. తూకం, వేడి, గడియారం ఈ మూడూ మీరు రోజూ ఉద్యోగంలో వాడేవే. ఇది మీ పని. పక్కన పిల్లల్ని నిలబెట్టుకోండి. పౌనంటే ఎంతో, ఓపికంటే ఏమిటో ఒకేసారి నేర్చుకుంటారు.

ఈ దేశపు దక్షిణాది రాష్ట్రాల్లో ఇంట్లో చావు జరిగితే ఇరుగుపొరుగు పౌండ్ కేకు చేసి తెస్తారు. చేత్తో చేసిన దానికి ఉన్న అర్థం అది. మన పొరుగువారింటికి మనం ఏం పట్టుకెళుతున్నాం? వచ్చే ఉగాదికి మన సంఘం పలక కేకు కొనడం మానేయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాం. దానికి బదులు, పచ్చడి పక్కన, సభ్యులు ఇంట్లో చేసిన పది కేకులు ఉండాలి. ముందు ఆ ఓవెన్‌లోని బాణళ్లు బయటికి తీయండి.